మేడ మీది విమానం

మొదటి మొగుడు విమానంతో సహా మాయమైపోయిన ఆడదానికి, రెండో మొగుడు మేడ మీద గదిలో విమానం కడుతుంటే ఎలా ఉంటుందో సీతమ్మధారలో ఎవరూ హైమను అడగలేదు. అడక్కుండా వాళ్ళలో వాళ్ళే చెప్పుకున్నారు. "ఇదేం చోద్యమమ్మా" అని పక్కింటావిడ దండెం మీద బట్టలారేస్తూ అన్న మాట హైమకు వినబడింది. వినీ విననట్టు లోపలికి వెళ్ళిపోయింది.

నిజానికి మేడ మీద ఉన్నది విమానం కాదు. విమానం ముక్కులో పైలట్లు కూర్చునే గది ఉంటుంది చూశారూ, దానికి నకలు. కోదండరావు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పొచ్చి, చొక్కా అయినా మార్చకుండా మెట్లెక్కేసేవాడు. ప్లైవుడ్డు కోసి, నునుపు చేసి, బూడిదరంగు కొట్టి, మీటర్లు పట్టేలా గుండ్రటి కంతలు తొలిచాడు. సీట్లు కంచరపాలెం పాతసామాన్ల కొట్లో దొరికిన బస్సు సీట్లు. ఇంజన్ల పిడులు ఎవరో పారేసిన లేత్ మిషన్‌వి. స్టీరింగు నీళ్ళ పైపును వేడిచేసి వంచింది. ఎదురుగోడ మీద ప్రొజెక్టరు వేస్తే రన్‌వే కనబడేది, యారాడ కొండ కనబడేది, కింద సముద్రం కనబడేది. కుర్రతనంలో పైలట్ కావాలనుకుని కళ్ళద్దాల వల్ల కాలేకపోయిన మనిషి సరదా అది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

బల్ల మీద మీటర్లు మాత్రం నకలు కాదు. అవి అసలువి. వాటి సంగతి చెబితే తప్ప మిగతాది తలకెక్కదు.

కోదండరావు అంతకుముందు రుషికొండ వైపు ఒక పరిశోధనశాలలో పనిచేసేవాడు. అక్కడ వాళ్ళు కనిపెట్టిన వస్తువు పేరు జంటగాజు. ఒకే పోతలో కరిగించిన గాజును రెండు చెక్కలు చేస్తారు. ఒక చెక్క విమానంలో మీటరుకు, రెండోది ల్యాబులో మీటరుకు బిగిస్తారు. ఇక అక్కడ సూది కదిలితే ఇక్కడా కదులుతుంది, ఇక్కడ నాబ్ తిప్పితే అక్కడా తిరుగుతుంది. మధ్యలో తీగ లేదు, రేడియో లేదు. ఒక్కటే చిక్కు. మేలుకున్న గాజును, అంటే జంటతో పాటు కదులుతున్నదాన్ని, దాని చోటు నుంచి పెరికితే రెండు చెక్కలూ ఒకేసారి పాలలా తెల్లబడిపోయేవి. తెల్లబడ్డ జంట మళ్ళీ కలిసేది కాదు. కోదండరావు చేతుల మీదుగానే అలా పాడైనవి బుట్టెడున్నాయి.

సరే, పరీక్ష కోసమని పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళే ఒక విమానానికి మొత్తం బల్లంతా జంటగాజు మీటర్లే బిగించారు. వాటి జంటలను ల్యాబులో ర్యాకు మీద పేర్చారు. ఎలా పేర్చారు? స్టోరు నంబరు వరసలో. ప్రభుత్వపు ల్యాబు కదా, ఏ వస్తువైనా నంబరు వరసలో ఉండాల్సిందే. కొన్నాళ్ళు అన్నీ చక్కగా పనిచేశాయి. తరవాత ఒక మధ్యాహ్నం బంగాళాఖాతం మీద విమానం ఒక మబ్బులోకి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. సముద్రమంతా గాలించినా రేకు ముక్క దొరకలేదు. ర్యాకు మీద సూదులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

లోపల అరవై మంది. కుడిపక్క సీట్లో కో-పైలట్ జోగారావు. హైమ మొగుడు అతనే.

హైమ తన అత్త పైడమ్మను వెంటబెట్టుకుని ల్యాబుకు వచ్చేది. కోదండరావు కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, "ఇవాళా కదల్లేదండీ" అని చెప్పేవాడు. మొదట్లో చాలామంది బంధువులు వచ్చేవారు. రాన్రానూ వీళ్ళిద్దరే మిగిలారు. ఆచూకీ లేకుండా పోయిన మనిషి ఏడేళ్ళకు పోయినట్టే అని చట్టం. ఆ ఏడేళ్ళూ గడిచి, కోర్టు కాగితం చేతికొచ్చాక, పైడమ్మ ఒక్కతే ల్యాబుకు వచ్చింది. "ఆ సూదుల్ని సూసింది సాలు బాబూ. మా పిల్లని సూడు" అంది. కోదండరావు కుర్చీ వెయ్యడం కూడా మరిచిపోయాడు. ఏడేళ్ళుగా తను చూస్తున్నది సూదులనే అని అతను కూడా అనుకుంటూ ఉన్నాడు మరి.

సింహాచలంలో పెళ్ళి. పెళ్ళికూతురి తల్లి స్థానంలో కూర్చుని నీళ్ళు పోసింది ఆ పైడమ్మే. కొడుకు పెళ్ళాన్ని కూతుర్ని చేసి ఇచ్చి, తనూ వాళ్ళతోనే వచ్చేసింది. అందుకని ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆవిణ్ణి అత్తా అనే పిలుస్తారు. అప్పటికి కోదండరావుకు నలభై దాటాయి. అందాకా లాడ్జి గది, మెస్సు భోజనం. అన్నం పొగలు కక్కుతూ ఉంటుందని, ఇంటికి ఆలస్యమైతే గుమ్మంలో ఒక మనిషి నిలబడి చూస్తుందని అతనికి ఆ వయసులో తెలిసింది. తెలిశాక దాన్ని వదులుకోవడమన్న ఆలోచన కూడా భరించలేడు.

పైడమ్మ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోదాం. ఆవిడ భర్త బతికున్నన్నాళ్ళూ పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయుధపూజ వాళ్ళింట్లో ఆషామాషీగా జరగదు. పనిముట్టన్నది ఏదైనా సరే, తగిలించిన చోటు నుంచి దిగాలి. తుడిచి, నూనె రాసి, బొట్టు పెట్టి, అమ్మవారి ముందు నేల మీద వరసగా కూర్చోబెట్టాలి. గోడకున్నదాన్ని గోడకే ఉంచి బొట్టు పెడితే ఆవిడ ఒప్పుకోదు. ఏడాదంతా మోసింది, ఒక్క పూట కింద కూర్చోనీ అంటుంది. కిందటి దసరాకు సీలింగు ఫ్యాను రెక్కలు కూడా ఊడదీయించింది. మళ్ళీ బిగించేసరికి కోదండరావు మెడ పట్టేసింది. దాని మీద ఇంట్లో వారం రోజులు నవ్వుకున్నారు.

తరవాత ల్యాబు మూతపడింది. ర్యాకు మీది మీటర్లు ఎవరికీ అక్కర్లేకపోతే కోదండరావు అట్టపెట్టెల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. సూదులు ఆగి నిద్రపోయిన గాజు కాబట్టి ఊడదీసినా తెల్లబడలేదు. అలా మొదలైంది మేడ మీది విమానం.

హైమ ఆ గదిలోకి అడుగు పెట్టేది కాదు. పైడమ్మ మాత్రం రోజూ వెళ్ళేది. కుడిపక్క బస్సు సీట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చింతపండు గింజలు తీసేది. "ఈ పక్కేనా మావోడు కూకునేది?" అని ఒకసారి అడిగింది. అవునన్నాడు. మళ్ళీ అడగలేదు. ఆ సీటు మాత్రం ఇంకెవరినీ కూర్చోనిచ్చేది కాదు.

కోదండరావు పనిలో పెద్ద చాదస్తుడు. నకలైనా సరే, విమానంలో ఏ మీటరు ఏ మీటరుకు ఎంత ఎడంలో ఉంటుందో, బల్ల ఎంత వాలి ఉంటుందో, అన్నీ అలాగే ఉండాలి. స్కేలు పెట్టి కొలిచి, కొంచెం తేడా వస్తే మొత్తం ప్లైవుడ్డు పారేసి మళ్ళీ కోసేవాడు. చివరికి ఒక ఆదివారం పొద్దున్న ఆఖరి మీటరు, గడియారం, దాని చోట్లో పెట్టి చివరి స్క్రూ బిగించాడు.

బల్లంతా ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. సూదులు వణికాయి, లేచాయి. ఎత్తు చూపించే మీటరు ముప్పై వేల అడుగులకు వెళ్ళి నిలబడింది.

"ఊగుతున్నాయేటి బాబూ?" అంది పైడమ్మ, గింజ తీస్తూనే.

"కరెంటు పెట్టాను కదత్తా" అన్నాడు కోదండరావు. కరెంటు దీపాలకు తప్ప సూదులకు ఇవ్వనే లేదు.

ఆవిడ కిందికి దిగాక తలుపు గడియ పెట్టి చూశాడు. మబ్బుల జాడ చూపించే చిన్న తెర నిండా ఎర్రగా ఉంది. ఒక మూల మాత్రం సన్నటి నల్లటి పట్టీ, అంటే అక్కడ మబ్బు లేదు. గడియారం ఆ మధ్యాహ్నం విమానం మాయమైన వేళకు అరగంట తరవాత చూపిస్తోంది. సెకన్ల ముల్లు నిలబడిపోయిందనుకుని పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. మర్నాడు కాలేజీ నుంచి వచ్చి చూస్తే గుర్తును దాటీ దాటనట్టుగా ఉంది. అప్పుడర్థమై బస్సు సీట్లో కూలబడిపోయాడు. ఇక్కడ పదకొండేళ్ళు. అక్కడ అరగంట. ప్రయాణికుల కప్పుల్లో టీ ఇంకా చల్లారి ఉండదు.

అంటే ఆ మబ్బులో కాలం ముద్దకట్టి ఉంది. ర్యాకు మీద నంబరు వరసలో పెట్టినంతకాలం ఈ గాజులు దాని లోపలికి చేరలేదు. విమానంలో ఉన్న పొందికలోనే ఇక్కడా పొదిగేసరికి చేరాయి. తల పండిన శాస్త్రవేత్తలంతా కలిసి చేసిన తప్పు అది. ఒక్కసారి ఆ మీటర్లను బల్లకు బిగించి ఉంటే పదకొండేళ్ళ కిందటే తెలిసిపోయేది.

రెండోరోజో మూడోరోజో గడియారం అద్దం తుడుద్దామని ఒక స్క్రూ అర మర వదులు చేశాడు. తెర మీద నల్లపట్టీ చటుక్కున చెరిగిపోయి అంతా ఎరుపెక్కింది. గబగబా మళ్ళీ బిగించాడు. పట్టీ వచ్చింది. వాళ్ళకు దారి చూపించేది ఆకాశం కాదు, ఈ ప్లైవుడ్డు బల్ల. ఇది తెగితే ఆ మబ్బుకు అంచన్నదే ఉండదు. ఆ రోజే కిందికి వెళ్ళి ఆడవాళ్ళిద్దరికీ గట్టిగా చెప్పాడు.

"మేడ మీద స్విచ్ మాత్రం ఎవరూ ఆపకండి. దీపాలు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి."

"ఎందుకండీ?" అంది హైమ.

"ఆపితే పాడైపోతుంది. అంతే."

దీపాలు ఆరితే పాడవదు. ఊడదీస్తే పాడవుతుంది. అది చెబితే ఎందుకని అడుగుతారు, అందుకని చెప్పలేదు. స్విచ్ దగ్గరికే పోకపోతే బల్ల దగ్గరికీ పోరులే అనుకున్నాడు. ఇన్వర్టరు కూడా తెచ్చి పెట్టాడు.

ఆ సాయంత్రం అసలు సంగతి చెప్పేద్దామనే కూర్చున్నాడు. నోరు తెరిచాడు కూడా. హైమ అతని కంచంలో వేడన్నం పెట్టి, గుంట చేసి పప్పు వేసి, "నెయ్యి అడుక్కి వచ్చింది, మీకు వేసేస్తున్నాను" అంది. కోదండరావు నోరు మూసుకుని అన్నం కలుపుకున్నాడు.

అయితే అతను రాక్షసుడేం కాదు. మర్నాడు మేడెక్కి, విమానం దిక్కు మార్చే నాబ్‌ను నల్లపట్టీ వైపు తిప్పాడు. అరవై మందిలో చంటిపిల్లలున్నారు, పేపర్లో ఫొటోలు చూశాడు. రోజులు గడిచేకొద్దీ విమానం మెల్లగా తిరిగింది. ఆషాఢం పోయి శ్రావణం వచ్చేసరికి నల్లపట్టీ తెర మధ్యకు వచ్చింది. ఒక శుక్రవారం పొద్దున్న చూస్తుండగా గడియారం ముల్లు కదిలింది. కళ్ళ ముందే. టిక్కుమని ఒక అంకె, కాసేపాగి ఇంకో అంకె. అంచుకు చేరేకొద్దీ వాళ్ళ కాలం మన కాలంతో కలుస్తోంది. ఇంకొంచెం పోతే జోగారావు బయటపడతాడు. ముప్పై మూడేళ్ళ జోగారావు. ఒక్క వెంట్రుకైనా నెరవకుండా, అప్పుడే ఇంటి నుంచి వచ్చినవాడిలా దిగుతాడు. దిగి, నా పెళ్ళాం ఏదీ అంటాడు.

కింద పూజగదిలో హైమ వరలక్ష్మీవ్రతం పాట పాడుకుంటోంది. కోదండరావు నాబ్ పట్టుకుని ఎడమకు తిప్పేశాడు. నల్లపట్టీ పక్కకు జరిగింది. ముల్లు నిలబడిపోయింది.

ఆ తరవాత మనసుకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. చదువుకున్నవాడు కదా, లెక్కలు బాగానే వచ్చాయి. విమానంలో ఇంధనం ఇంకా సగం పైనే ఉంది. ఆ మబ్బులో గుండ్రంగా తిప్పుతూ ఉంటే, అది అయిపోకముందే ఇక్కడ తను ముసలివాడై పోతాడు. పోయేముందు నాబ్ తిప్పితే సరి. వాళ్ళందరూ క్షేమంగా దిగుతారు. వాళ్ళకు ఏమవుతుంది? ఓ గంటన్నర ఆలస్యం. విమానాలన్నాక ఆలస్యం కావా? వాళ్ళకు గంటన్నర, తనకు ఒక జీవితం. ఇందులో ఎవరికి అన్యాయం జరిగింది?

గంటన్నర తరవాత దిగేసరికి వాళ్ళ అమ్మలు ఉండరు, పెళ్ళాలు ఉండరు, పిల్లలు తాతలై ఉంటారు. ఆ లెక్క మాత్రం అతను వేసుకోలేదు. వేసుకోకూడదని వేసుకోలేదు.

కానీ అవతల ఉన్నది బొమ్మ కాదు కదా. నాలుగైదు రోజులకు చూస్తే నాబ్ మీది తెల్లగీత కుడికి వచ్చి ఉంది. ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. తనే పొరబడ్డానేమో అనుకుని మళ్ళీ ఎడమకు తిప్పాడు. ఈసారి నాబ్ బరువుగా తిరిగింది. వారం గడిచేసరికి మళ్ళీ కుడికి. కోదండరావుకు విషయం తెలిసిపోయింది. జోగారావు తన తెర మీద కూడా ఆ నల్లపట్టీని చూశాడు. అటు పోవాలని నాబ్ తిప్పుతున్నాడు. అది దానంతటదే వెనక్కి వచ్చేస్తుంటే, పిచ్చెక్కినట్టు మళ్ళీ తిప్పుతున్నాడు. అక్కడ అతనికి అది ఒక్క రెప్పపాటు పెనుగులాట. ఇక్కడ భాద్రపదమంతా నడిచింది. ఒకే పెళ్ళాం కోసం ఇద్దరు మొగుళ్ళు ఒకే నాబ్ పట్టుకుని పెనుగులాడారు. అందులో ఒకడికి రెండోవాడున్నాడనే తెలియదు.

ప్రతిసారీ కోదండరావే గెలిచాడు. అతనికి రోజులకు రోజులున్నాయి.

గెలిచి బాగుపడ్డాడా అంటే, లేదు. చిక్కిపోయాడు. అన్నం సయించడం మానేసింది. పొద్దున్న లేస్తూనే మేడెక్కడం, నాబ్ చూసుకోవడం. ఒకసారి పట్టలేక, బట్టలు మడతపెడుతున్న హైమ పక్కన కూర్చుని అడిగాడు.

"హైమా, జోగారావు తిరిగొస్తే ఏం చేస్తావు?"

ఆమె చేతిలో ఉన్న లుంగీని మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. "అది అడక్కండి. ఏడేళ్ళు నన్ను నేను అదే అడుక్కున్నాను. జవాబు దొరికాకే మీతో సింహాచలం వచ్చాను."

"ఏమని దొరికింది?"

"ఇంక రాడని. మళ్ళీ ఆశపడితే నేను బతకనని."

ఈ మాటను కోదండరావు తనకు కావాల్సినట్టు అర్థం చేసుకున్నాడు. చూశావా, చెబితే ఆమెనే చంపినట్టవుతుంది అనుకున్నాడు. పిరికివాడికి దయ అనే ముసుగు దొరికితే ఇంకేం కావాలి.

దసరా ముందురోజు పైడమ్మ మేడ మీద కుడిసీట్లో కూర్చుని ఉంది. కోదండరావు నాబ్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆవిడ ఉన్నట్టుండి అంది.

"హైమని ఏదో అడిగినావంట గదా. మావోడొస్తే అని."

అతను నాబ్ మీద లేని దుమ్ము తుడిచాడు.

"నన్నడగవేటి? నేన్సెప్తాను. వొస్తే ముందు కూడెడతాను. ఆకలికి ఆగలేడు ఆడు. మిగతా సంగతి తరవాత."

"మరి నేను?" కోదండరావుకు ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

పైడమ్మ అతని మొహంలోకి చూసింది. "నువ్వెక్కడికి పోతావు బాబూ? ఎందుకు పోతావు? ఇద్దరు కొడుకులైతే ఇల్లు పట్టదేటి? ఆ పిల్ల ఏటనుకుంటాదో అది ఆ పిల్ల ఇష్టం. నీ కంచం మాత్రం నేను తియ్యను." పళ్ళెంలో గింజలు ఒక పక్కకు, పండు ఒక పక్కకు తోసుకుని లేచి వెళ్ళిపోయింది.

కోదండరావు ఆ బస్సు సీటు పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. ఇన్నాళ్ళూ తను కాపలా కాస్తున్నది ఈ కంచాన్నే. దాన్ని ఎవరూ లాక్కోవడం లేదు. ఆ ముసలావిడ కొడుకును తను గిరగిరా తిప్పుతుంటే, ఆవిడ తనకూ ఒక పీట వేసి ఉంచింది. కళ్ళు తుడుచుకుని నాబ్‌ను కుడికి తిప్పాడు. ఇన్నాళ్ళ పెనుగులాటలో విమానం అంచుకు దగ్గర దగ్గరగానే తచ్చాడుతోంది. ఈసారి నాబ్ వెన్నలా తిరిగింది. అవతల చెయ్యి కూడా అటే తిప్పుతోంది మరి.

దసరా పొద్దున్నకు గడియారం నడుస్తోంది. ముల్లు కొంచెం బద్ధకంగా, కానీ ఆగకుండా తిరుగుతోంది. నల్లపట్టీ తెర నడిమికి వచ్చేసింది. మధ్యాహ్నం లోపల బయటపడతారు. ఉన్నట్టుండి ఆకాశంలో ఒక విమానం ఊడిపడితే విమానాశ్రయం వాళ్ళకు ముందు తెలియాలి కదా అనుకున్నాడు. అనుకుని స్కూటరు తీశాడు. చెప్పాల్సింది వంటింట్లో ఉన్న ఇద్దరికి. బయల్దేరింది ఊరవతలికి. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు చెప్పడం సులువు కాబట్టి.

"పూజ వేళకు ఎక్కడికండీ?" అంది హైమ, చేతికి పసుపుతో.

"ఇప్పుడే వస్తాను. మేడ మీద స్విచ్ మాత్రం ఆపకు."

"సరేలెండి, తెలుసు."

విమానాశ్రయం దారిలో ఎన్‌ఏడీ జంక్షన్ దాకా వెళ్ళాడు. లారీలు, ఆటోలు, అన్నిటికీ బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సిగ్గేసింది. పైడమ్మకు కొడుకు బతికున్నాడన్న మాట ఎవరో గార్డు నోట వినబడాలా? ఆ మాటైనా తన నోటితో తను చెప్పొద్దా? స్కూటరు వెనక్కి తిప్పాడు. దారి పొడుగునా ఆ మాటను ఎలా మొదలుపెట్టాలో పెదాల మీద కూడబలుక్కుంటూ వచ్చాడు. అత్తా, కూర్చో, భయపడకు, మనవాడు వస్తున్నాడు.

గుమ్మంలోకి రాగానే సాంబ్రాణి వాసన. హాల్లో అమ్మవారి పటం. పటం ముందు నేల మీద పేపర్లు పరిచి, కత్తిపీట, కుట్టుమిషను, సుత్తి, పటకారు, ఫ్యాను రెక్కలు. వాటి పక్కన పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా మేడ మీది మీటర్లు. ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమబొట్టు. ఒక్కోదాని మీదా ఒక బంతిరెక్క. అద్దాలన్నీ పాలలా తెల్లగా ఉన్నాయి.

హైమ నవ్వు మొహంతో ఎదురొచ్చింది. "కోప్పడకండీ. మీరు రోజంతా అక్కడే ఉంటారు, నేనేమో ఒక్కసారీ ఎక్కి చూడలేదు. మీకు అంత ఇష్టమైనదాన్ని దూరం పెట్టడం బాగోలేదనిపించింది. ఇవాళ నేనే ఎక్కి, స్క్రూలన్నీ తీసి, నా చేత్తో తుడిచాను. కొబ్బరినూనెకు కాబోలు, అద్దాలు మసకబారాయి. రేపు సర్ఫు నీళ్ళతో కడిగేస్తాను."

"సిచ్చి ముట్టుకోలేదు బాబూ" అంది పైడమ్మ, హారతి పళ్ళెం సర్దుతూ. "నువ్వొద్దన్నావు గదా. దీపాలెలగతానే ఉన్నాయి. దీపాలెలగతుండగానే అన్నీ తీసినాం."

కోదండరావు ఆ వరసలో గడియారం ఎక్కడుందా అని వెతుక్కున్నాడు. "తీసేటప్పుడు గడియారం నడుస్తోందా?"

"నడుస్తోంది" అంది హైమ. "టిక్కు టిక్కుమని, మన గోడగడియారం లాగే. బాగుచేసేశారనుకుని నాకూ సంతోషమేసింది."

"ఆ తెల్లగీత ఉన్న పెద్ద నాబు మాత్రం ఓ పట్టాన రాలేదు బాబూ" అంది పైడమ్మ. "ఈ పిల్ల వల్ల కాలేదు. నేను పట్టుకుంటే సేతిలో ఇటూ అటూ మసిలింది. అవతలెవలో పట్టుకుని ఒగ్గనట్టు. రెండు సేతుల్తో పట్టి లాగితే అప్పుడొచ్చింది."

కోదండరావు లోపల మొట్టమొదట పుట్టిన మాట, దేవుడి ముందు నిలబడి చెప్పాలన్నా, అమ్మయ్య అన్నదే. ఆ మాట పుట్టిందని అతనికి తెలిసింది. దాని వెనకే మిగతాదంతా తెలిసింది. వాళ్ళు చావలేదు. ఇంధనం సగం పైనే ఉంది. తెర మీద ఇంక నల్లపట్టీ లేదు. మబ్బు వాళ్ళ కాలాన్ని మళ్ళీ ముద్ద చేసేస్తుంది. ఈ ఇంట్లో అందరూ పోయి, ఈ ఇల్లూ పోయాక కూడా జోగారావు ఆ తెల్లబడ్డ బల్ల ముందు కూర్చుని నాబ్ కోసం తడుముకుంటూ ఉంటాడు. ఆ నాబ్ అతని చేతిలోంచి ఊడబెరికింది వాళ్ళ అమ్మ.

దారంతా కూడబలుక్కున్న మాట గొంతులోనే ఉంది. ఇప్పుడు చెబితే ఏం చెప్పాలి?

పైడమ్మ దగ్గరికొచ్చి, మునివేళ్ళ మీద లేచి అతని నుదుట బొట్టు పెట్టింది. "ఏటుంటాది బాబూ దానెనక? అంతలా పట్టుకుంది?"

"స్ప్రింగు అత్తా" అన్నాడు కోదండరావు.

"అదీ. నాకు తెల్దు గదా." దోసిట్లో పులిహోర పెట్టింది. "వచ్చే దసరాకి కూసింత నూనెయ్యి దానికి. పాపం, ఎంత గట్టిగా పట్టుకుందో."

కోదండరావు నిలబడే తిన్నాడు. ఉప్పు సరిపోయిందా అని హైమ అడిగింది. సరిపోయిందన్నాడు.